ఆషాఢంలో కెమెరా సంచి



సికింద్రాబాద్ నుంచి ఉత్తరానికి రెండు పెద్ద దార్లు పోతాయి. ఒకటి కొంపల్లి మీదుగా మేడ్చల్ చేరి, అట్నుంచి నాగపూర్ వైపు సాగే 44వ నంబరు జాతీయ రహదారి. రెండోది అల్వాల్, హకీంపేట, తూంకుంట దాటి శామీర్‌పేట మీదుగా కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి. ఈ రెండు దార్ల వెంట ఫంక్షన్ హాళ్లకు లెక్కలేదు. ముహూర్తాల రోజుల్లో రాత్రిపూట పోతుంటే సీరియల్ బల్బుల వెలుగులోనే ఊళ్లు దాటుతాం. హాలు ఉందంటే పెళ్లి ఉన్నట్టు, పెళ్లి ఉందంటే వీడియో తీసే అబ్బాయి ఉన్నట్టు. ఇవాళ ఆ అబ్బాయి భుజాన వేలాడే కెమెరా గురించి మాట్లాడుకుందాం. ఆ మాటల్లోనే మన జేబులో ఫోను, గేటు మీది సీసీ కెమెరా, బీరువాలో పడున్న పాత పెళ్లి క్యాసెట్టు కూడా వస్తాయి. ఎండ వీటిని ఏం చేస్తుంది, గాలిలో తేమ ఏం చేస్తుంది అన్నది విషయం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన దగ్గర అందరికీ ఎండంటేనే భయం. కెమెరా మీద తువ్వాలు కప్పుతారు, గొడుగు పడతారు. తేమ సంగతి ఎత్తితే మాత్రం, అది విశాఖపట్నం వాళ్ల బాధ, కాకినాడ వాళ్ల బాధ, సముద్రానికి ఇంత దూరంలో, అయిదు వందల మీటర్ల ఎత్తున ఉన్న మనకేంటి అంటారు. నాకు ఈ లెక్క తలకిందులుగా కనిపిస్తుంది. ఎండకు కెమెరా ఆగిపోతుంది, నీడకు చేర్చి చల్లారనిస్తే చాలాసార్లు మళ్లీ నడుస్తుంది. పైగా ఆగేముందు తెర మీద బొమ్మ వేసి మరీ చెబుతుంది. తేమ ఏమీ చెప్పదు. అది చేసిన నష్టం చల్లారితే పోయేదీ కాదు.

సరే, ఎండ వంతు ముందు తీర్చుకుందాం. రోహిణి కార్తె అంటే మే నెలాఖరు నుంచి జూన్ మొదటి వారం దాకా. వాతావరణ శాఖ లెక్కల్లో హైదరాబాద్ అత్యధిక ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు, 1966 జూన్ 2న. అదీ రోహిణి కార్తెలోనే. ఇక్కడొక సంగతి గుర్తుంచుకోవాలి. వార్తల్లో చెప్పే ఉష్ణోగ్రత ఎండలో కొలిచింది కాదు. తెల్లరంగు వేసి, గాలి ఆడేలా పలకలు కొట్టిన పెట్టెలో, నీడలో కొలిచింది. ఇప్పుడు మీ కెమెరాతో వచ్చిన పుస్తకం చివరి పేజీలు తిరగేయండి. పనిచేసే ఉష్ణోగ్రత సున్నా నుంచి 40 డిగ్రీలు అని ఉంటుంది, దాదాపు అన్ని కంపెనీలదీ ఇదే మాట. ఐఫోన్‌కైతే ఇంకా తక్కువ, 35 డిగ్రీలే. అంటే రోహిణి కార్తెలో మన ఊరి నీడే కెమెరా హద్దు దాటి ఉంటుంది. ఎండలో నిలబెట్టిన నల్లటి కెమెరా సంగతి చెప్పక్కర్లేదు. దానికితోడు మేడ్చల్, శామీర్‌పేట అంటే రాతి నేల. పగలంతా కాగిన గుట్టలు సాయంత్రం ఏడు దాటినా సెగ కక్కుతూనే ఉంటాయి. సూర్యుడు దిగాడు కదా అని బండల దగ్గర కొత్త జంటను నిలబెడితే కెమెరాకు చల్లదనమేమీ దొరకదు.

బయటి వేడి ఒక్కటే అయితే బాధ లేదు. కెమెరా లోపల కూడా పొయ్యి ఉంది. ఇప్పుడందరూ అడిగే 4కె వీడియోలో ఒక్కో బొమ్మకు సుమారు 83 లక్షల చుక్కలు. సెకనుకు 25 బొమ్మలు. అంటే సెకనుకు 20 కోట్ల చుక్కలకు పైగా చదివి, కుదించి, కార్డు మీద రాయాలి. ఆ పనంతా అరచేతిలో పట్టే డబ్బాలో జరుగుతుంది. డబ్బాకు చిల్లులు పెడితే వేడి బయటికి పోతుంది కానీ దుమ్మూ వానా లోపలికొస్తాయి. గట్టిగా మూస్తే దుమ్ము ఆగుతుంది, వేడి కూడా అక్కడే ఆగుతుంది. తయారుచేసేవాళ్లు ఎన్నేళ్లుగానో ఈ రెండింటి మధ్య నలుగుతున్నారు. 2020లో కెనాన్ సంస్థ ఆర్5 అనే కెమెరా తెచ్చింది. 8కె వీడియో తీస్తుంది, సంతోషమే. అయితే 23 డిగ్రీల చల్లటి గదిలో కూడా 20 నిమిషాలకు ఆగిపోతుందని ఆ సంస్థే ప్రకటించాల్సి వచ్చింది. 2022లో అదే కెమెరాకు వెనక ఫ్యాను బిగించి ఆర్5 సి అని విడుదల చేశారు. కొంచెం లావెక్కింది, ఆగడం మానేసింది.

మధ్యలో ఒక చిన్న పక్కమాట. పాత స్టిల్ కెమెరాల్లో వీడియో సరిగ్గా 29 నిమిషాల 59 సెకన్లకు ఆగేది. వేడికే అలా ఆపుతున్నారని మన వీడియోగ్రాఫర్లు చాలామంది నమ్మేవారు. అసలు కారణం యూరప్ సుంకాలు. 30 నిమిషాలు, ఆపైన ఏకధాటిగా రికార్డు చేసే పరికరాన్ని అక్కడ వీడియో కెమెరాగా లెక్కగట్టి ఎక్కువ పన్ను వేసేవారు. ఎక్కడో బ్రస్సెల్స్‌లో రాసుకున్న పన్ను లెక్క వల్ల మేడ్చల్‌లో తలంబ్రాల మధ్య కెమెరా ఆగిందన్నమాట!

వేడికి కెమెరా ఆగకపోయినా బొమ్మ చెడుతుంది. వెలుతురును పట్టే సెన్సర్ ఉంది చూశారూ, దానికొక గుణం. వెలుతురు లేకపోయినా వేడికే కొంత కరెంటు పుట్టిస్తుంది. సుమారు ఆరు నుంచి ఎనిమిది డిగ్రీలు పెరిగేసరికి ఆ దొంగ కరెంటు రెట్టింపవుతుంది. పగలంతా ఎండలో ఎదుర్కోళ్లు, పెళ్లి తీసి, రాత్రి బరాత్‌కు అదే కెమెరా ఎత్తితే, చీకటి భాగాల్లో ఇసుక చల్లినట్టు గరుకు కనిపిస్తుంది. అక్కడక్కడ ఎర్రవో నీలివో చుక్కలు వెలుగుతూ కదలకుండా ఉంటాయి. కెమెరా పాతబడిందనుకుంటారు. ఓ గంట చల్లగా ఉంచి చూస్తే సగం తేడా తెలిసిపోతుంది. అందుకే దుర్భిణీలకు కెమెరాలు బిగించే ఖగోళ శాస్త్రజ్ఞులు వాటి సెన్సర్లను సున్నాకు ఎంతో దిగువకు చల్లబరుస్తారు.

ఎండలో నిజంగా శాశ్వతంగా దెబ్బతినేది బ్యాటరీ. లిథియం బ్యాటరీకి నిండుగా ఛార్జింగ్ ఉండటం, ఆపైన వేడి తగలడం రెండూ కలిస్తే ఆయుష్షు తరుగుతుంది, కొన్నిసార్లు ఉబ్బుతుంది. ఫంక్షన్ హాలు ముందు ఎండలో ఆపిన కారులో స్పేర్ బ్యాటరీలు వదిలేసి భోజనానికి పోవడం చాలామందికి అలవాటు. అద్దాలు మూసిన కారులో గంటలోపే బయటికంటే 20 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. బయట 40 ఉంటే లోపల 60. తీసిన బ్యాటరీని వేడివేడిగా ఛార్జర్‌లో పెట్టడం మరో తప్పు. చేతికి చల్లగా తగిలేదాకా ఆగాలి. కెమెరా బ్యాటరీలకు 10 నుంచి 30 డిగ్రీల మధ్య ఛార్జింగ్ మంచిదని కంపెనీలే రాస్తాయి. మే నెలలో అంటే ఏసీ గది ఉండాలి, లేదా తెల్లవారుజామున పెట్టుకోవాలి.

ఇక గొడుగు, తెల్లగుడ్డ, వెనక తెరను కెమెరా నుంచి దూరంగా తిప్పి ఉంచడం, లైవ్ ఇచ్చే ఫోన్‌కు వెనక కవరు తీసేయడం — ఇవన్నీ పనిచేసే ఉపాయాలే, పనివాళ్లందరికీ తెలుసు. ఒక్కటి మాత్రం చేయకండి. వేడెక్కిన కెమెరాను కూల్‌డ్రింకుల ఐస్‌పెట్టెలో పెట్టకండి. నవ్వకండి, పెట్టేవాళ్లున్నారు. అక్కడితో ఎండ కథ ముగిసి తేమ కథ మొదలవుతుంది.

గాలి ఎంత వేడిగా ఉంటే అంత నీటి ఆవిరిని మోయగలదు. చల్లబడితే మోయలేక వదిలేస్తుంది. ఏ ఉష్ణోగ్రత దగ్గర వదిలేస్తుందో దాన్ని మంచు బిందువు అంటారు. మే నెల మధ్యాహ్నం మనకు 40 డిగ్రీలు, తేమ 20 శాతం అనుకుందాం. ఆ గాలికి మంచు బిందువు 13 డిగ్రీల దగ్గర ఉంటుంది. 22 డిగ్రీల ఏసీ హాల్లోంచి కెమెరాను గబుక్కున బయటికి తెచ్చినా లెన్సు మీద చుక్క నీరు పట్టదు. కెమెరా అద్దం 22 దగ్గర ఉంది, నీరు పట్టాలంటే 13కు దిగాలి. అదే శ్రావణ మాసం. ముసురు పట్టింది. బయట 28 డిగ్రీలే, హాయిగా ఉంది. కానీ తేమ 80 శాతం. మంచు బిందువు 24 దాటింది. ఇప్పుడు అదే 22 డిగ్రీల హాల్లోంచి కెమెరా పట్టుకుని బరాత్‌కు బయటికి రాగానే లెన్సంతా పొగమంచు. గుడ్డతో తుడుస్తారు, మళ్లీ పడుతుంది. మళ్లీ తుడుస్తారు. ఈలోగా పెళ్లికొడుకు గుర్రం ఎక్కేశాడు.

కనుక చల్లగా ఉన్న రోజుల్లోనే ఏసీ ఎక్కువ ప్రమాదం. వినడానికి వింతగా ఉంటుంది కానీ లెక్క అదే. దీనికి మందు తొందరపడకపోవడమే. బయటికి రావడానికి అరగంట ముందే కెమెరాను సంచిలో పెట్టి జిప్పు వేసి, సంచితో సహా వరండాలో ఉంచాలి. సంచిలోపలే నెమ్మదిగా వెచ్చబడుతుంది. జిప్పు లేని పాలిథిన్ కవరైనా సరే, మూతి బిగించి కడితే చాలు, నీరు కవరు మీద పడుతుంది తప్ప అద్దం మీద కాదు. రాత్రి ఏసీ గదిలో నిద్రపోయేవాళ్లు కెమెరాను ఏసీ లేని గదిలో పడుకోబెట్టడం ఇంకా తేలిక. అద్దం పైన పట్టిన నీరు ఆరిపోతుంది, మనకు కనిపించేది అంతే. లెన్సు లోపలి గాజుల మధ్య, సర్క్యూట్ బోర్డు మీద, కార్డు దూర్చే గాడిలో పట్టిన నీరు కనిపించదు. అక్కడ దుమ్ముతో కలిసి సన్నటి తడిపొర అవుతుంది. వెంట్రుకంత దూరంలో ఉన్న రెండు రాగి గీతల మధ్య కరెంటు పోకూడని చోట పోతుంది. కొన్నాళ్లకు పచ్చటి తుప్పు.

ఈ విషయంలో పాత యంత్రాలు మనకంటే తెలివైనవి. వీహెచ్ఎస్ రోజుల్లో వీసీఆర్‌లోనూ క్యామ్‌కార్డర్‌లోనూ గిర్రున తిరిగే డ్రమ్ము ఒకటి ఉండేది. దాని మీద తేమ పడితే టేపు అతుక్కుపోయి చుట్టుకుంటుంది. అందుకని తేమను పసిగట్టే చిన్న ముక్క లోపల పెట్టేవారు. తేమ ఉన్నంతసేపూ తెర మీద ‘డ్యూ’ అని వెలుగుతుంది, ఎన్ని మీటలు నొక్కినా యంత్రం కదలదు. గంటో రెండు గంటలో కూర్చోవాల్సిందే. పంతులుగారు ముహూర్తం దాటిపోతోందని కేకలు వేస్తుంటే, క్యాసెట్టు కెమెరా మొరాయించి కూర్చున్న పెళ్లిళ్లు ఆ తరం వీడియోవాళ్లు ఇప్పటికీ చెబుతారు. కార్డు కెమెరాలు వచ్చాక టేపు పోయింది, డ్రమ్ము పోయింది, చాలావాటిలో ఆ హెచ్చరిక కూడా పోయింది. వేడికి గుర్తు మిగిలింది, తేమకు లేదు.

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. వైశాఖం, జ్యేష్ఠం వరస పెళ్లిళ్లు. కెమెరా నేల మీద పెట్టడానికి తీరిక ఉండదు. చెమట చేతులు, హోమం పొగ, పసుపు, సాంబ్రాణి, పూల పుప్పొడి అన్నీ దానికి అంటుకుంటాయి. ఆషాఢం వచ్చింది. ముహూర్తాలు లేవు. కొత్త కోడళ్లు పుట్టిళ్లకు పోయారు. కెమెరాను సంచిలో పెట్టి, సంచిని అల్మారాలో పెట్టి, తలుపేశారు. బయట మృగశిర దాటి వానలు పట్టాయి. మూఢమో అధిక మాసమో కూడా కలిసొస్తే సంచి ఇంకో నెల తెరవరు. కెమెరాకు ఏడాదిలో అన్నిటికన్నా చెడ్డ కాలం ఇదే అని నేనంటాను, మే నెల కాదు. పనిలేని కెమెరాకు ఏమవుతుందిలే అనుకునే కాలం ఇది.

ఏమవుతుందంటే, ఫంగస్ పడుతుంది. ఊరగాయ మీద పట్టే బూజు జాతే. దాని విత్తనాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, కొత్త లెన్సులోనూ ఉంటాయి. మొలవడానికి వాటికి కావలసినవి ఏమిటో జర్మనీకి చెందిన పేరున్న లెన్సుల సంస్థ కార్ల్ జైస్ చెబుతుంది. గాలిలో తేమ 70 శాతం మించి మూడు రోజులకు పైగా ఉండాలి. వెలుతురు ఉండకూడదు. గాలి ఆడకూడదు. ఉష్ణోగ్రత 10 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలి. తినడానికి కాస్త దుమ్మో, నూలుపోగో, వేలి జిడ్డో కావాలి. ఆషాఢంలో అల్మారాలోని కెమెరా సంచికి ఇందులో లోటు ఏదైనా ఉందా? స్పాంజి పొరలున్న ఆ సంచి జ్యేష్ఠంలో చెమట తాగింది, మొదటి వానకు తడిసింది, సరిగా ఆరనే లేదు. వరసగా వారం రోజులు ముసురు పట్టిందంటే చాలు. సాలెగూడులా, చెట్టు వేళ్లలా తెల్లటి సన్నటి దారాలు గాజు మీద అల్లుకుంటాయి. మొదట్లో బొమ్మలో తెలియదు. దీపాలకు ఎదురుగా పెట్టి తీసినప్పుడు వెలుతురు చెదిరినట్టు, మసక కమ్మినట్టు అనిపిస్తుంది. అది విడిచే ఆమ్లం లెన్సు పైపూతను, ఆ తరవాత గాజునే తింటుంది. తొలినాళ్లలో విప్పి తుడిపిస్తే పోతుంది. ముదిరితే తుడిచినా దారాల ఆకారంలో గీతలు గాజు మీదే మిగులుతాయి. లెన్సు ఖరీదు తెలిసినవాళ్లకు ఆ గీతల ఖరీదు చెప్పక్కర్లేదు.

ఇది కొత్త జబ్బు కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో న్యూగినీ అడవుల్లో పోరాడిన సైన్యాలకు దుర్భిణీలు, తుపాకుల గురి అద్దాలు కొన్ని వారాల్లోనే గుడ్డివైపోయాయి. శత్రువుకన్నా ముందు బూజు వచ్చింది. ఆస్ట్రేలియాలో మెల్బోర్న్ విశ్వవిద్యాలయం వృక్షశాస్త్రజ్ఞులను ఆ పనికి పెట్టారు. వాళ్లు పరికరాల లోపల బూజును చంపే మందు వాడే పద్ధతి కనిపెట్టి, యుద్ధం ముగిశాక 1946లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. అద్దాల సమస్యకు మొక్కల శాస్త్రవేత్తలు కావలసి రావడం నాకు భలే నచ్చిన సంగతి.

మన ఆషాఢంలో ఒక వెసులుబాటు ఉంది. అది బోనాల నెల. గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, లాల్ దర్వాజా, ఆ తరవాత ఊరూరా పోచమ్మ గుళ్ల దాకా. అల్మారాలో నిద్రపోయే కెమెరాను బయటికి తీయడానికి ఇంతకన్నా మంచి సాకు లేదు. తీసిన కెమెరాకు గాలి తగులుతుంది, వెలుతురు తగులుతుంది, లోపలి వేడికే తేమ కాస్త ఆరుతుంది. వారానికోసారి పావుగంట నడిపినా మేలే. అయితే బోనాలు తీసి వచ్చిన రాత్రి అలాగే సంచిలో తోసేయకూడదు. పసుపు, కుంకుమ, జల్లు పడిన తడి — ఆ మూడూ కలిస్తే బూజుకు విందే. మెత్తటి కుంచెతో దులిపి, పొడిగుడ్డతో తుడిచి, ఫ్యాను గాలికి ఓ పూట ఉంచి, సంచిని వేరుగా విప్పదీసి ఆరేయాలి. తోలు సంచులూ తోలు పెట్టెలూ అందంగానే ఉంటాయి, కానీ వానాకాలంలో లెన్సును వాటిలో ఉంచకపోవడం మంచిది. తోలే బూజుకు తిండి.

దాచుకునే పద్ధతికి మన మండలాల్లోనే గొప్ప బడి ఉంది. మేడ్చల్ దగ్గర అత్వెల్లిలో, శాంతా బయోటెక్నిక్స్ పేరుతో మొదలైన టీకాల కర్మాగారం. హెపటైటిస్ బి టీకాను దేశంలోనే తయారుచేసి 1997లో విడుదల చేసిన సంస్థ. శామీర్‌పేట పక్కన తుర్కపల్లిలో జీనోమ్ వ్యాలీ, అక్కడే భారత్ బయోటెక్. 2021 జనవరిలో అత్యవసర అనుమతి పొందిన కోవాగ్జిన్ అక్కడిదే. ఆ గోడల లోపల ఉష్ణోగ్రతా తేమా గంటగంటకూ కొలుస్తారు, రాసుకుంటారు. సాధారణంగా టీకా సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మరి దారిలో ఎక్కడో ఎండలో నిలిచిపోయిందా లేదా అన్నది ఆరోగ్య కేంద్రంలో నర్సుకు తెలిసేదెలా? చాలా టీకా సీసాల మీద ఓ చిన్న వృత్తం, అందులో లేతరంగు చతురస్రం ఉంటాయి. సీసా ఎంత వేడి తిన్నదో అంత ముదురుతుంది ఆ చతురస్రం. చుట్టూ ఉన్న వృత్తమంత రంగుకొస్తే సీసా పారేయాల్సిందే. పోలియో చుక్కల సీసాల మీద 1996 నుంచి ఇది వాడుకలో ఉంది.

కెమెరా సంచికి అలాంటిది కావాలంటే కొన్ని రూపాయల్లోనే దొరుకుతుంది, పేరు సిలికా జెల్. కొత్త చెప్పుల పెట్టెలో, మందుసీసాలో చిన్న పొట్లంగా వస్తుంది, పిల్లలకు అందకుండా మనం పారేసేది. తన బరువులో మూడో వంతు దాకా నీటిని పట్టుకోగలదు. ఇందులో రంగు మారే రకం కొనాలి. నీలం గింజలు తేమ తాగితే గులాబీ రంగుకు తిరుగుతాయి, నారింజ రంగువి ఆకుపచ్చకు తిరుగుతాయి. రంగు తిరిగిందంటే కడుపు నిండిందని. సుమారు 120 డిగ్రీల వేడిమీద ఓవెన్‌లో ఒకట్రెండు గంటలు ఉంచితే తాగిన నీరు వదిలి మళ్లీ పాత రంగుకొస్తాయి. నీలం గింజల్లో కోబాల్టు లవణం ఉంటుంది, వంట గిన్నెల్లో మాత్రం వేయించకండి. రబ్బరు అంచు ఉండి గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బా ఒకటి, గింజలు పిడికెడు, తేమ చూపే చిన్న మీటరు ఒకటి. మీటరు 40, 50 శాతం మధ్య చూపిస్తే లెన్సులకు క్షేమం. మరీ 30 కిందికి దించాలని పోటీ పడొద్దు, రబ్బరు ఎండి పెళుసెక్కుతుంది. స్టూడియో నడిపేవాళ్లు వేల రూపాయలు పెట్టి కరెంటుతో నడిచే డ్రై క్యాబినెట్ కొనుక్కోవచ్చు. ఒక కెమెరా, రెండు లెన్సులు ఉన్నవాళ్లకు డబ్బా చాలు. ఒక్క షరతు, గులాబీ రంగు తిరిగిన గింజలను డబ్బాలో నెలల తరబడి వదిలేస్తే ఉపయోగం సున్నా. నేను చూసిన డబ్బాల్లో సగం గులాబీవే.

ఇళ్లవాళ్ల సంగతి. ఔటర్ రింగు రోడ్డు అవతలా ఇవతలా కొత్త లేఅవుట్లు, ప్రతి గేటుకూ సీసీ కెమెరా. ఐపీ 66, ఐపీ 67 అని రాసి ఉంటే ఇక భయం లేదనుకుంటాం. ఆ అంకెల్లో మొదటిది దుమ్ముకు, రెండోది నీటికి. వానధార, నీటిలో మునక తట్టుకోవడం గురించి చెబుతాయవి, ఆవిరి గురించి కాదు. పగలు ఎండకు కెమెరా డబ్బాలో గాలి వ్యాకోచించి ఎక్కడి సన్నటి సందులోంచో బయటికి పోతుంది. సాయంత్రం హఠాత్తుగా జడివాన. డబ్బా ఒక్కసారిగా చల్లబడి, లోపల గాలి కుంచించుకుని, బయటి తడిగాలిని పీల్చుకుంటుంది. రోజూ ఒక ఊపిరి. నెల తిరిగేసరికి తెల్లవారుజామున గేటు దగ్గర ఎవరున్నారో కనిపించదు, అద్దం లోపలివైపు చెమ్మ. వైరు దూరే చోట రబ్బరు బిగువుగా ఉందా, గుమ్మటం మూసేటప్పుడు లోపల కొత్త సిలికా జెల్ పొట్లం పెట్టారా అని బిగించేవాళ్లను అడగండి. రికార్డరు, అడాప్టర్లు పెట్టే రేకు పెట్టె పడమటి గోడకు మాత్రం వద్దు. వాటి లోపల కెపాసిటర్లనే చిన్న డబ్బాలుంటాయి, వేడి పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో ముతక లెక్క. తూర్పు గోడకో, మెట్ల కిందకో మార్చుకోండి.

చలికాలం గురించి రెండు ముక్కలు. కార్తీకం, మార్గశిరం తెల్లవారుజామున పెళ్లికి ముందు ఫొటోల కోసం శామీర్‌పేట పెద్ద చెరువు కట్ట మీదికి జంటలు వస్తారు. మబ్బులేని రాత్రి ఆరుబయట ఉంచిన అద్దం తన వేడిని ఆకాశానికి వదిలేసి, చుట్టూ గాలికన్నా చల్లబడుతుంది. కెమెరాను కదిలించకపోయినా మంచు పడుతుంది. స్టాండు మీద నిలబెట్టి గంటలతరబడి తీసేవాళ్లు లెన్సు చుట్టూ వెచ్చటి పట్టీ కట్టుకుంటారు. డ్రోన్ ఎగరేద్దామనుకునేవాళ్లు మంచు సంగతి తరవాత, ముందు మ్యాపు చూసుకోండి. ఒకవైపు హకీంపేట, ఇంకోవైపు దుండిగల్, రెండూ వైమానిక దళం స్థావరాలు.

బీరువాలో వీహెచ్ఎస్ క్యాసెట్లున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. టేపు చుట్ట అంచున తెల్లటి పొడిలా కనిపిస్తే అది దుమ్ము కాదు, బూజే. అలాంటి క్యాసెట్టును ఎక్కడో దొరికిన వీసీఆర్‌లో పెట్టి చూడకండి. ఆ టేపూ తెగుతుంది, తరవాత పెట్టే మంచి టేపుకూ అంటుకుంటుంది. శుభ్రం చేసి ఫైళ్లుగా మార్చి ఇచ్చే షాపులున్నాయి, వానలకు ముందే ఇవ్వండి. మిగిలినవాటిని పడుకోబెట్టకుండా, పుస్తకాల్లా నిలబెట్టి, మేడమీది రేకుల గదిలో కాకుండా మధ్య గదిలో ఉంచండి.

చివరగా, ఎంత జాగ్రత్తగా ఉన్నా ఏదో ఒక పెళ్లిలో కెమెరా తడుస్తుంది. తడవగానే మీట నొక్కి చూడాలనిపిస్తుంది, నొక్కకండి. ముందు బ్యాటరీ తీయండి, కార్డు తీయండి, మూతలన్నీ తెరిచి ఫ్యాను గాలికి పెట్టండి. జుట్టు ఆరబెట్టే యంత్రం వద్దు, ఆ వేడిగాలి నీటిని ఇంకా లోపలికి తోస్తుంది. బియ్యం డబ్బాలో పూడ్చడం కూడా వద్దు. బియ్యం తేమను పెద్దగా పీల్చదు, తవుడు మాత్రం సందుల్లో ఇరుక్కుంటుంది. రిపేరు షాపుకు తీసుకెళ్లినప్పుడు ఏ నీళ్లలో తడిసిందో దాచకుండా చెప్పండి. వాన నీరైతే ఆరబెడితే సరిపోవచ్చు. బోరు నీళ్లయితే బోర్డు మీద ఉప్పు మిగులుతుంది, కూల్‌డ్రింకు అయితే చక్కెర. ఈ రెంటికీ బోర్డును విప్పి ద్రావణంతో కడగాలి, ఆ పని ఒకట్రెండు రోజుల్లోనే జరగాలి. మొహమాటపడి వాన అని చెబితే, పైపైన ఆరబెట్టి ఇచ్చేస్తారు.